కుసుమోతో పట్టికలో లేని గడి

షింజుకు స్టేషను పడమటి గుమ్మంలోంచి కెమెరా కొందామని బయటికొచ్చినవాడు సకాయెయా దుకాణం మెట్ల దగ్గర ఆగకుండా పోయేవాడు కాదు. ఆ మెట్ల పక్క గోడ మీద ఒక పట్టిక వేలాడుతుండేది. అచ్చువేసింది కాదు, దళసరి తెల్ల కాగితాలు ఒకదానికొకటి అతికించి నల్లసిరాతో చేత్తో రాసింది. ఏ కంపెనీ బాడీకి ఏ లెన్సు పడుతుంది, నిరుడు వచ్చినదానికీ ఈ ఏడు వచ్చినదానికీ తేడా ఏమిటి, ఆ తేడాకు మనిషి ఆశపడవచ్చా అక్కర్లేదా, అన్నీ అందులో ఉండేవి. కంపెనీలు పంచే రంగురంగుల పుస్తకాలు చదివి బుర్ర తిరిగినవాళ్ళు ఆ పట్టిక ముందు నిలబడి, కావలసింది రాసుకుని, స్థిమితపడి ఇంటికి పోయేవారు. దాన్ని రాసినవాడు కుసుమోతో గెంజో. ఇరవై నాలుగేళ్ళుగా ఆ దుకాణంలో అమ్మకాల బల్ల వెనక నిలబడ్డ మనిషి.

మొదటి పట్టిక 1971లో రాశాడు. అప్పుడది చాపలో సగం లేదు. కంపెనీలు బాడీల మీద బాడీలు, లెన్సుల మీద లెన్సులు దించుతూ పోయిన కొద్దీ అది కూడా పెరిగి పెరిగి, ఇరవై రెండేళ్ళలో మెట్ల గోడ మొత్తం ఆక్రమించింది. ఏటా మార్చిలో, పిల్లలు బడుల్లో చేరే రోజులకీ చెర్రీలు పూసే రోజులకీ ముందు, పాతది దింపి కొత్తది వేలాడదీసేవారు. ఆ శనివారం దుకాణంలో అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. తనకు తెలియని కెమెరా భూమ్మీద పుట్టలేదని కుసుమోతో నమ్మకం. నోటితో అనేవాడు కాదు, ముఖమే చెప్పేది.

మామూలు శనివారాల్లో కూడా ఆయన బల్ల ముందు అరడజను మంది చేరేవారు. కొనడానికి కాదు, వినడానికి. నికాన్ మాట ఎత్తితే ముందు గొంతు సవరించుకునేవాడు. లెన్సును బాడీకి బిగించే కంకణం ఆ కంపెనీ 1959లో ఎలా పెట్టిందో అలాగే నిలుపుకొస్తోందనీ, అత్తగారు సర్దిన వంటింట్లో మూడో తరం కోడలు కూడా ఉప్పు డబ్బా వెతుక్కోకుండా అందుకోవడం లాంటిదనీ చెప్పేవాడు. కానన్ తీరు వేరు; 1987లో పాత కంకణాన్ని పక్కన పెట్టి ఇంటిని పునాదుల నుంచి మళ్ళీ కట్టుకుంది. పాత లెన్సులు దాచుకున్నవాళ్ళు తల పట్టుకున్న మాట నిజమే గానీ కొత్త ఇంట్లో గాలీ వెలుతురూ ధారాళమని ఆయన తీర్పు. పెంటాక్స్ మరమెలికను వదిలి ఒక్క తిప్పుతో బిగిసే పద్ధతికి వచ్చిన ఏడాది, ఒలింపస్ అరచేతిలో ఇమిడే బాడీ తెచ్చిన ఏడాది, మినోల్టా తనంతట తానే గురి చూసుకునే కెమెరాను దించి అందర్నీ పరుగులు పెట్టించిన ఏడాది, ఇవన్నీ ఆయనకు ఇంట్లో పుట్టినరోజుల్లాగా నోటికి వచ్చు. నిజానికి ఇంట్లో గుర్తుండవలసిన పుట్టినరోజు ఒక్కటే, భార్యది. అది గుర్తుండేది కాదు.

పట్టికకు అంత పేరు రావడానికి అసలు కారణం మూలలు. ఫోటో మధ్యలో ఏ లెన్సైనా పదునుగానే చూపిస్తుంది. నాలుగు మూలలకీ వెళ్ళేసరికి గీత చెదురుతుంది, అక్షరం అలుక్కుపోతుంది. లెన్సు గుట్టు అక్కడే బయటపడుతుంది. కాబట్టి పట్టికలో ప్రతి లెన్సుకీ నాలుగు మూలలకు నాలుగు గళ్ళు ఉండేవి. మధ్యకు గడే లేదు. కొత్తవాడెవరైనా అదేమని అడిగితే కుసుమోతో అనే మాట దుకాణంలో ఊడ్చేవాళ్ళకు కూడా కంఠస్థం.

"మధ్యలో ఏ లెన్సైనా బాగానే ఉంటుంది. అందులో చూడ్డానికేముంది? మూలలు చూడండి."

ఆ మాట విని తలాడించేవాళ్ళలో మొదటివాడు వాకుయా అనే పళ్ళ డాక్టరు. డెబ్భైకి దగ్గరపడ్డవాడు, పెద్దమనిషి. శనివారం మధ్యాహ్నానికి ఆసుపత్రి మూసి నేరుగా ఇక్కడికి వచ్చేవాడు. వయసులో పదిహేనేళ్ళు చిన్నవాడైన కుసుమోతోని నోరారా మాస్టారూ అని పిలిచేవాడు. కుసుమోతో వద్దనేవాడు కాదు.

ఆ మూలల పరీక్ష జరిగేది ఓయి అనే పేటలో, రైలు పట్టాల వెనక సందులో ఉన్న ఆయన ఇంటి పెరట్లో. సెలవు రోజు బుధవారం. దుకాణంలో కొత్తగా దిగిన లెన్సు ఒకటి ఇంటికి తెచ్చుకుని, పెరటి గోడకు వార్తాపత్రికలో షేరు ధరల పేజీలు నాలుగు అతికించి, ఎదురుగా ముక్కాలి మీద కెమెరా నిలబెట్టేవాడు. అచ్చక్షరం ఒక్కటే చాలదనీ, కనురెప్ప వెంట్రుకల దగ్గర లెన్సు అబద్ధమాడలేదనీ ఆయన సిద్ధాంతం. అందుకని ఫోటో ఎడమ పైమూలలో భార్య మిత్సుయే ఉండాలి. ఆమె పొట్టి మనిషి. బీరు సీసాల పెట్టె బోర్లించి, దాని మీద ఎక్కి, గోడకు ఆనుకుని నిలబడేది. లెన్సు ఎంత తెరిచి తీస్తున్నాడో ఆ అంకె రాసిన అట్టముక్క గడ్డం కింద పట్టుకునేది. నాలుగు, అయిదు పాయింటు ఆరు, ఎనిమిది అని ఆయన కేకేస్తే ఆమె అట్టముక్కలు మార్చేది. తర్వాత పెట్టె కుడి మూలకు, ఆ తర్వాత కింది మూలలకు చాప మీదికి. ఎండైనా మంచైనా ఇరవై రెండేళ్ళు ఇదే వరస. పిల్లలు లేని ఇల్లు కాబట్టి అడ్డొచ్చేవాళ్ళు కూడా లేరు.

పెరటి గోడకు అవతల సోయా గింజల టోఫు చేసి అమ్మే దుకాణం. దాన్ని నడిపే నుమాతా తొకి నోరున్న మనిషి. గోడ మీంచి తల పెట్టి, "ఇవాళ ఏం నేరం చేశారండీ మిత్సుయే గారూ? మెళ్ళో ఖైదీ నంబరు వేశారేం?" అనేది.

"మాట్లాడించకు తొకీ. పెదవి కదిలితే ముప్ఫై ఆరు బొమ్మలూ మళ్ళీ మొదట్నుంచి తీస్తారు" అనేది మిత్సుయే, పెదవి కదలకుండానే.

నిరుడు వేసవిలో సందులోవాళ్ళందరూ పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండగ నాట్యాలకు లాంతర్లు కడుతుండగా తొకి ఒక కాగితపు కెమెరా తెచ్చి కుసుమోతోకి చూపించింది. ఫిల్ము పెట్టెకే ప్లాస్టిక్ లెన్సు అతికించి అమ్ముతారే, అది. బొమ్మలు అయిపోగానే పెట్టెతో సహా ఇచ్చెయ్యడమే. ఇది మీ పట్టికలో ఎన్నో వరస అని ఆమె సరదాగానే అడిగింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పదిమందీ వినేలా, దీంతో తీస్తే మనిషో ముల్లంగో కూడా తేలదన్నాడు. అందరూ నవ్వారు. తొకి కూడా నవ్వింది గానీ ఆ పెట్టెను గబుక్కున ఏప్రన్ జేబులో దాచేసుకుంది. మిత్సుయే నవ్వలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు.

ఈ ఏడు జనవరి చివర, చలి కొరికేస్తున్న ఉదయం, మిత్సుయే స్నానాల గది కడుగుతూ కూలబడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. యాభై నిండలేదు.

మర్నాడు పొద్దున్నే చిబా నుంచి ఆమె చెల్లెలు ఫుసాకో వచ్చింది. అంత్యక్రియలు జరిపించే సంస్థ నుంచి నల్లకోటు మనిషి వచ్చి, పువ్వులెన్ని, పురోహితుడెవరు, వచ్చేవాళ్ళెందరు అని మెల్లగా అడుగుతూ కాగితం మీద రాసుకున్నాడు. చివర్లో, పూల మధ్య పెట్టడానికి ఆవిడ ఫోటో ఒకటి కావాలనీ, ఎదురుగా చూస్తున్నది, మొహం తేటగా ఉన్నది అయితే మంచిదనీ, పెద్దది చేయించాలి కాబట్టి మధ్యాహ్నం రెండింటికల్లా అందాలనీ అన్నాడు. ఫుసాకో కళ్ళు తుడుచుకుంటూ, ఈ ఇంట్లో దానికి మాత్రం కరువు లేదండీ, మా బావగారు కెమెరాల్లో పండితులు అంది. కుసుమోతో కూడా తలాడించాడు. నిజంగానే కరువు లేదనుకున్నాడు.

పై గదిలో గోడ పొడుగునా నెగెటివ్‌ల పుస్తకాలు ఉన్నాయి. కంపెనీ వారీగా, ఏడాది వారీగా, లెన్సు వారీగా చీటీలు అతికించి సర్దినవి. ఏ చీటీ మీదా మిత్సుయే పేరు లేదు. దీపపు పెట్టె వెలిగించి, భూతద్దం కంటికి పెట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి పుస్తకంలో మూలన ఆమె ఉంది, బియ్యపు గింజంత మొహం, గడ్డం కింద అయిదు పాయింటు ఆరు అంకె. రెండో పుస్తకంలో అటు మూలన ఉంది, సగం చెవి తెగి. మూడో పుస్తకంలో చాప మీద పడుకుని ఉంది, ఎనిమిది అంకె. ఇరవై ఏడేళ్ళప్పటి మిత్సుయే, ముప్ఫై అయిదేళ్ళప్పటి మిత్సుయే, చలికి మెడ ముడుచుకున్న మిత్సుయే, చెమటకు జుట్టు అంటుకున్న మిత్సుయే. ఎక్కడ చూసినా ఆమే. ఎక్కడా ఆమె ఫోటో లేదు. ప్రతి దాంట్లోనూ నట్టనడుమ, సూది మొనంత పదునుగా, షేరు ధరలు.

ఫుసాకో పక్కన కూర్చుని భూతద్దం అడిగి తీసుకుని చూసింది. పేజీలు తిప్పింది, ఇంకో పుస్తకం తీసింది.

"బావగారూ, ఇదంతా అక్కేనా?"

"అవును."

"మరి మొహం ఉన్నది ఏది?"

ఆయనకు తల కొట్టేసినట్టయింది.  పెళ్ళినాటి ఫోటో ఉంది గానీ అందులో మిత్సుయే ఇరవై మూడేళ్ళ పిల్ల. చుట్టాల ఇళ్ళకు వెళ్ళినప్పుడు తీసినవేవైనా ఉంటాయేమోనని ఫుసాకో చిబాకు ఫోను చేసి వెతికించింది. వాటిలో మిత్సుయే లేదు. ఎక్కడికి వెళ్ళినా, కెమెరా కుసుమోతో గారి భార్య కదా, మీరే తియ్యండి అని అందరూ ఆమె చేతికే కెమెరా ఇచ్చేవారు. అందర్నీ ఆమే తీసింది. ఇంట ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. ఆ పల్లకీ మోసిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూపించడానికి ఆ ఇంట్లో ఒక్క కాగితం ముక్క లేదు.

ఒంటిగంట దాటింది. ఆ పూట ఆయనకు ఒక పాత బుధవారం గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందటి మాట. పరీక్ష అయిపోయాక మిత్సుయే పెట్టె మీంచి దిగి, అట్టముక్కలు సర్దుతూ, ఫిల్ములో ఇంకా రెండు బొమ్మలు మిగిలాయిగా, "ఏవండీ, ఒక్కటి మధ్యలో తియ్యకూడదూ?" అంది. ఆయన కెమెరా తుడుస్తూనే, దుకాణంలో కొత్తవాళ్ళకు చెప్పే మాటే ఆమెకూ చెప్పాడు. మధ్యలో ఏ లెన్సైనా బాగానే ఉంటుంది, అందులో చూడ్డానికేముంది అన్నాడు. ఆమె సరేనని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. దీపపు పెట్టె ముందు కూర్చున్న కుసుమోతోకి ఆ మాట మళ్ళీ చెవిన పడ్డట్టయి, సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోయింది. ఫుసాకో వైపు చూడలేక పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాడు.

అప్పుడు వంటింటి తలుపు దగ్గర అలికిడైంది. తొకి. కన్నీళ్ళతో కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫోటో కోసం వెతుకుతున్నారని ఫుసాకో ఫోనులో అంటున్నది గోడ మీంచి విన్నదట. ఏప్రన్ జేబులోంచి ఒక కవరు తీసి, ఇవ్వాలా వద్దా అని కాసేపు చేతిలోనే ఉంచుకుంది.

"ఆ కాగితం దాంతో తీసింది. నవ్వకండేం."

లాంతర్ల కింద మిత్సుయే. నీలిపూల నూలు కిమోనో కట్టుకుని, గడ్డం కింద విసనకర్ర పట్టుకుని, నేరుగా చూస్తూ, పళ్ళు కనబడేలా నవ్వుతోంది. నట్టనడుమ ఉంది. ఆమె అలా నవ్వుతుందని ఫుసాకోకి తెలుసు, తొకికి తెలుసు. కుసుమోతో మాత్రం కొత్తగా చూస్తున్నవాడిలా చూశాడు. చూస్తూనే, ఇంత జరిగాక కూడా, ఆయన కళ్ళు వాటంతట అవే నాలుగు మూలలకీ వెళ్ళి వచ్చాయి. మసక. నుదుటి మీద వెలుగు ఎక్కువ పడింది. ఆయన నోట వచ్చిన మొదటి మాట, నెగెటివ్ ఉందా అని. తొకి కవరులోంచి అదీ తీసి ఇచ్చి వెళ్ళిపోయింది. ఆమెకు కృతజ్ఞత చెప్పలేదన్న సంగతి తలుపు మూసుకున్నాక గాని ఆయనకు తట్టలేదు.

అంత్యక్రియల సంస్థవాళ్ళు వాళ్ళ అలవాటు ప్రకారం ఫోటోను బాగు చేశారు. లాంతర్లు చెరిపేసి వెనక లేత నీలం వేశారు. పూలకిమోనో తీసేసి నల్లపట్టు కిమోనో తొడిగారు. విసనకర్ర మాయమైంది. నుదుటి వెలుగు తగ్గింది. మర్నాడు పదకొండు గంటలకు, సందు చివర బౌద్ధాలయం హాల్లో, తెల్లచామంతుల మధ్య నల్ల రిబ్బను కట్టిన పటంలో మిత్సుయే నవ్వుతూ కూర్చుంది. వచ్చినవాళ్ళందరి కళ్ళూ ముందు ఆ నవ్వు మీదే పడ్డాయి.

దుకాణం నుంచి యజమాని ఇకెగామితో సహా పదిమంది వచ్చారు. శనివారం మనుషులూ వచ్చారు. వాకుయా డాక్టరు వరసలో ముందుకు వచ్చి, చిటికెడు ధూపం నిప్పులో వేసి, పటం కేసి చాలాసేపు చూసి, కుసుమోతోకి ఎదురుగా వచ్చి వంగాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మాస్టారూ, మనిషిని ఇంత దగ్గరగా చూసినవాడు తప్ప ఇలా తియ్యలేడు. ఇలాంటప్పుడు అడగకూడదు గానీ, ఏ లెన్సు?"

అబద్ధం చెప్పడానికి మనిషి ఒక్క క్షణమైనా తడుముకుంటాడు. కుసుమోతో తడుముకోలేదు. ఏ లెన్సు అని అడిగితే జవాబు చెప్పని రోజు ఇరవై నాలుగేళ్ళలో ఆయనకు లేదు.

"ఎనభై అయిదు మిల్లీమీటర్లది. పూర్తిగా తెరిచి."

చెప్పాక తలెత్తితే, వాకుయా వెనకే వరసలో తొకి నిలబడి ఉంది. వేళ్ళ మధ్య ధూపం పొడి. వాకుయా పక్కకు జరుగుతూ ఆమెను చూసి, మీరు పొరుగువారనుకుంటాను, మీకు తెలిసే ఉంటుంది, ఎంత ప్రేమగా తీశారో అన్నాడు.

"అవునండీ. చాలా ఇష్టంగా తీశారు" అంది తొకి. ధూపం వేసి, పటానికి వంగి, కుసుమోతోకి కూడా వంగి, వెళ్ళిపోయింది.

నేల చీలి లోపలికి పోతే బాగుండుననుకున్నాడు కుసుమోతో. పోవడానికి చీలికేదీ దొరకలేదు. ఇంకా నలభై మంది వరసలో ఉన్నారు. వాళ్ళలో ముగ్గురు నలుగురు కూడా ఫోటోను మెచ్చుకున్నారు. ఆయన అందరికీ వంగాడు.

ఆ తర్వాత ఆయన టోఫు దుకాణం వైపు వెళ్ళలేదు. స్టేషనుకు వెళ్ళడానికి పట్టాల కింది సొరంగం గుండా చుట్టు తిరిగిపోయేవాడు, పది నిమిషాలు ఎక్కువ. టోఫు లేకుండా పులుసు తాగడం అలవాటు చేసుకున్నాడు. గోడ అవతల తెల్లవారుజామున సోయా ఉడుకుతున్న వాసన వస్తే కిటికీ మూసేవాడు. తొకి నలుగురికీ చెప్పి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. అదే ఎక్కువ బరువైంది.

ఫిబ్రవరి మూడో శనివారం వాకుయా డాక్టరు దుకాణానికి వచ్చాడు. చేతిలో ఫోటోల కవరు. అంత్యక్రియల మర్నాడే ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు ఇంకో బల్ల దగ్గర కొన్నాడట, మాస్టారిని ఆ రోజుల్లో ఇబ్బంది పెట్టడమెందుకని. ఫోటోలు బల్ల మీద పరిచాడు. అన్నిట్లోనూ ఆయన భార్య. కిటికీ పక్కన, తోటలో, మెట్ల మీద. అన్నీ పదునుగా ఉన్నాయి. ఒక్కదానిలోనూ ఆవిడ నవ్వడం లేదు.

"మూడు వారాలుగా నిలబెడుతున్నాను. మా ఆవిడ విసుక్కుంటోంది. మీకు వచ్చింది నాకు రావడం లేదు మాస్టారూ. లెన్సు అదే. లోపం నా మనసులోనే ఉన్నట్టుంది."

అంత వయసు వచ్చినవాడు సిగ్గుపడుతూ ఆ మాట అన్నాడు. ఆ సిగ్గు ఎవరిదో కుసుమోతోకి తెలుసు. చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. చుట్టూ అయిదారుగురు చెవులప్పగించి నిలబడ్డారు. వెలుతురు ఎక్కువైందేమో, ఒక మెట్టు తగ్గించి చూడండి అన్నాడు. వాకుయా బుద్ధిగా రాసుకున్నాడు.

మార్చి వచ్చింది. పట్టికకు పది రోజులుంది. బుధవారం పొద్దున కుసుమోతో మూడు కొత్త లెన్సులు తెచ్చుకుని, గోడకు షేరు ధరల పేజీలు అతికించి, ముక్కాలి నిలబెట్టి, కంటిని కెమెరాకు ఆనించాడు. ఎడమ పైమూలలో గోడ మీది నాచు కనబడింది. కింద బీరు పెట్టె బోర్లించే ఉంది. నాలుగు అని కేకెయ్యబోయి ఆగాడు. అట్టముక్కలు గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్నాయి. ఎనిమిది అంకె అట్ట మీద బొటనవేలు ఆనిన చోట మరక పడి ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ పెట్టె మీద నిలబడ్డ మనిషికి కాళ్ళు నొప్పా అని ఒక్కసారీ అడగలేదు. ఆయన పెట్టె మీద కూర్చుని ఏడ్చాడు. ఏడుపు అయిపోయాక, టోపీ చేతిలో పట్టుకుని, వెనక తలుపు తీసుకుని, టోఫు దుకాణానికి వెళ్ళాడు.

తొకి మోచేతుల దాకా నీళ్ళలో ఉంది, టోఫు దిమ్మలు కోస్తూ. ఆయన గుమ్మంలోనే నడుం దాకా వంగి అలాగే ఉండిపోయాడు.

"తొకి గారూ, ఆ రోజు మీ ముందే అబద్ధమాడాను."

"తెలుసు కదండీ. అక్కడే ఉన్నానుగా."

"ఎందుకు కాదనలేదు?"

తొకి కత్తి పక్కన పెట్టింది. "అది మిత్సుయే గారి రోజు. మీ పరువూ నా ఫోటో అని అక్కడ పంచాయితీ పెట్టమంటారా? ముందు నిటారుగా నిలబడండి, చూళ్ళేకపోతున్నాను."

ఆయన నిలబడ్డాడు. ఆమె ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంది.

"ఆ ఫోటో నా అంతట నేను తీసింది కాదు. ఆవిడే అడిగింది. తొకీ, ఒక్కటి, నన్ను మధ్యలో పెట్టి తియ్యవూ అంది. తీరా నిలబడ్డాక చేతులేం చెయ్యాలో తెలీలేదు ఆవిడకి. అట్టముక్క లేకుండా అలవాటు లేదుగా. ఏదో ఒకటి ఇవ్వమని నా విసనకర్ర పుచ్చుకుని గడ్డం కింద పెట్టుకుంది. అది చూసి నాకు నవ్వొచ్చింది, నన్ను చూసి ఆవిడకి. అప్పుడు నొక్కాను."

 మీ పేరు ఒకచోట రాయాలి, అనుమతి కావాలి అన్నాడు కుసుమోతో. తొకి ఎక్కడ అని అడగలేదు. రాసుకోండి అని, కోసిన టోఫు ఒకటి గిన్నెలో వేసి చేతికిచ్చింది. ఆయన ఈసారి కృతజ్ఞత చెప్పడం మరిచిపోలేదు.

పట్టిక అయిదు రోజులు రాశాడు. నికాన్ వరసలు, కానన్ వరసలు, మిగతావాళ్ళ వరసలు, ఏది దేనికి పడుతుంది, ఏది పాతబడింది, ఎప్పటిలాగే రాశాడు. మూడు కొత్త లెన్సుల మూలల గళ్ళలో ఈ ఏడు పరీక్షించలేదని రాశాడు. అన్నిటికీ పైన మాత్రం ఒక కొత్త వరస గీశాడు. నాలుగు మూలల గళ్ళ పక్కన అయిదో గడి గీసి, తల మీద మధ్య అని రాశాడు. ఇకెగామి చూసి నీళ్ళు నమిలాడు. ఇంటి సంగతులు ఇంట్లోనే ఉంటే దుకాణానికీ మీకూ మంచిదేమో, ఆ ఒక్క వరస మీద తెల్లకాగితం అతికిద్దామా అన్నాడు. అలాగైతే పట్టిక మొత్తం వద్దన్నాడు కుసుమోతో. చివరికి శనివారం పొద్దున దాన్ని వేలాడదీశారు.

జనం ఎప్పటిలాగే నోటు పుస్తకాలతో మెట్ల మీద కిక్కిరిశారు. పై వరస దాకా చూపు వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే మాట తగ్గించారు. కొందరు బల్ల వెనక నిలబడ్డ మనిషి వైపు చూసి చూపు తిప్పుకున్నారు. కుసుమోతో చేతులు ముందు కట్టుకుని, ఎవరు చూసినా దొరికేలా, కదలకుండా నిలబడ్డాడు. సిగ్గు తగ్గలేదు. తగ్గుతుందనుకుని రాయలేదు కూడా.

మధ్యాహ్నం వాకుయా డాక్టరు వచ్చాడు. కళ్ళజోడు మార్చుకుని పై వరస చదివాడు. కెమెరా పేరు దగ్గర, ఫిల్ము పెట్టెకు లెన్సు అతికించిన కాగితపు కెమెరా అని ఉంది. నాలుగు మూలల గళ్ళలో మసక, మసక, మసక, మసక. మధ్య గడిలో చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "నా భార్య మిత్సుయే. తీసినవారు ఓయిలో టోఫు అమ్మే నుమాతా తొకి గారు. ఇది నేను తీశానని అంత్యక్రియల నాడు చెప్పింది అబద్ధం."

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. మెట్లు దిగి బల్ల ముందుకు వచ్చాడు. ఆ లెన్సు తిరిగి తెచ్చెయ్యండి డాక్టరు గారూ, మిమ్మల్ని మోసం చేశాను అన్నాడు కుసుమోతో, తల ఎత్తకుండా.  వాకుయా తిరిగి ఒకసారి పట్టిక వైపు చూశాడు. అయిదో గడి గోడ కిందిదాకా, కంపెనీలన్నిటి పక్కనా, లెన్సులన్నిటి పక్కనా, తెల్లగా దిగి ఉంది.

"మిగతా వరసలన్నిట్లో మధ్య గడి ఖాళీగా వదిలేశారేం, మాస్టారూ?"

"అవన్నీ నేను తీసినవి."